చల్లారిన ఇత్తడి

పదిమందిలో ఒక ముసలాయన పరువు తీసేసి వచ్చిన మనిషికి ఆ తర్వాత కంటి నిండా నిద్ర పడుతుందా? డెల్ఫియా మోలర్‌కి వారం రోజులూ హాయిగా పట్టింది. తను చెప్పింది నిజమని ఆమె గట్టి నమ్మకం. నిజం చెప్పినవాళ్లకు నిద్రకేం కొదవ?

జరిగింది ముందు చెప్పుకుందాం. ఎల్క్ బెండ్ ఊళ్లో చరిత్ర సంఘం వాళ్ల హాలు ఉంది. అందులో ఒక అద్దాల పెట్టె, ఆ పెట్టెలో చెకుముకి రాయితో పేలే పాతకాలపు పిస్తోలు ఒకటి. నది దిగువన ఉన్న హార్పర్స్ ఫెర్రీ కర్మాగారంలో 1807లో గుర్రపు దళం కోసం చేసింది. ఆ పిస్తోళ్లను అప్పట్లో జంటలుగానే ఇచ్చేవాళ్లు. జీనుకు అటొకటి, ఇటొకటి. జంటలో రెండిటి మీదా ఒకే నంబరు కొట్టేవాళ్లు. పెట్టెలో ఉన్నదాని నంబరు 618. దాని జోడు ఏమైపోయిందో ఎవరికీ తెలియదు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి రెండొందల ఏళ్లయిన పండుగ ఇక నెల కూడా లేదనగా, యాపిల్ తోటల లోవెల్ క్రిమ్, డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, పాత పిండి సంచిలో చుట్టి అదే నంబరున్న పిస్తోలు తెచ్చి సంఘం బల్ల మీద పెట్టాడు. "మా అటక మీద దొరికింది. మీ పెట్టెలోదానికి జోడు. ఊరికే ఇస్తున్నా, ఉంచుకోండి" అన్నాడు.

ఆ జిల్లాలో పాత పిస్తోళ్లకు చేత్తో నకళ్లు చేసే మనిషి డెల్ఫియా ఒక్కతే. సంఘం వాళ్లు ఆమెను పిలిపించారు. ఆమె రెండిటినీ పక్కపక్కన పెట్టి కొలిచింది. ట్రిగ్గర్ కింద ఉండే ఇత్తడి కమాను, పిడి అడుగున ఉండే ఇత్తడి టోపీ, రెండూ క్రిమ్ తెచ్చినదానికి పెద్దవిగా ఉన్నాయి. "పెట్టెలోదానితో సరిపోవట్లేదు. క్రిమ్ గారు తెచ్చింది నకిలీ" అని తేల్చేసింది. ముసలాయన లేచాడు. టోపీ పెట్టుకుని, పిస్తోలు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

ఈ శనివారం సాయంత్రం నాలుగింటికి అదే మాట ఆమె కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. వారపత్రికలో వేస్తారట.

శనివారం పొద్దున డెల్ఫియా కొలిమి దగ్గర ఉంది. పండుగ పుణ్యమా అని ఊపిరి సలపనంత పని. మేరీలాండ్‌లో పాతకాలపు గుర్రపు దళం వేషాలు కట్టేవాళ్లకు పద్దెనిమిది పిస్తోళ్లు కావాలట, అదీ జూలై నాలుగు లోపల. ఎలా అవుతాయని అడిగితే మీరు మోలర్లు కదా, అవుతాయిలెండి అన్నారు. పొగడ్తకు పడిపోవడం ఆ ఇంట్లో తండ్రి నాటి నుంచీ ఉన్న జబ్బు.

కమాను పోత పోయడానికి ఆమె దగ్గర చెక్క నమూనా ఒకటి ఉండేది. తండ్రి ఏమస్ మోలర్ చెక్కింది. దాన్ని తడి ఇసుకలో నొక్కి తీస్తే గుంట పడుతుంది, ఆ గుంటలో కరిగిన ఇత్తడి పోస్తే కమాను వస్తుంది. ఇన్నాళ్లుగా నొక్కీ నొక్కీ ఆ చెక్క గురువారం నాడు నిలువునా చీలింది. కొత్తది చెక్కాలంటే రెండు రోజులు. ఎక్కడివి రెండు రోజులు? తయారై గోడకు వేలాడుతున్న కమాను ఒకటి తీసి, దాన్నే నమూనాగా ఇసుకలో నొక్కేసింది. తండ్రి బతికుంటే చెవి మెలిపెట్టేవాడు. ఆయన పోయి మూడేళ్లయింది కాబట్టి చెవి క్షేమంగా ఉంది.

ఇత్తడి కరిగింది, పోసింది, చల్లారింది. ఇసుక దులిపి, ఆకురాయితో అంచులు తీసి, చెక్క పిడి మీద పెట్టి చూసింది. మరమేకుల రంధ్రాలు కలవలేదు. ముందుది కలిపితే వెనకది తప్పుతోంది, వెనకది కలిపితే ముందుది. విసుక్కుంటూ కాలిపర్ అందుకుని కొలిచింది. ఆరంగుళాల మీద రెండు నూరో వంతులు.

ఉండాల్సింది ఆరంగుళాల మీద పదకొండు. పెట్టెలో పిస్తోలుకి ఉన్నది అంతే, ఏమస్ నమూనా నుంచి వచ్చేదీ అంతే. తొమ్మిది నూరో వంతులు తగ్గింది. గోధుమ గింజ మందం ఉంటుందేమో.

తగ్గదా మరి, అనుకుంది. ఇత్తడి చల్లారితే కుదించుకుపోతుంది. అందుకే పోతపని చేసేవాళ్లు నమూనాను కావాలని కాస్త పెద్దదిగా చెక్కుతారు. దానికోసం వేరే కొలబద్ద ఉంటుంది, దాని మీద అంగుళం అసలు అంగుళం కంటే పొడుగు. అసలు వస్తువునే ఇసుకలో నొక్కితే పిల్ల తల్లి కంటే చిన్నదే పుడుతుంది. ఇది కొలిమి ముందు నిలబడ్డ మొదటి రోజు నేర్చుకునే సంగతి. తొందరలో మర్చిపోయింది.

ఆ చిన్న కమానును చెత్తబుట్టలో పడేయబోయి ఆగింది.

పోయిన శనివారం కొలతలు రాసుకున్న చీటీ గోడకు గుచ్చి ఉంది. పెట్టెలోది, ఆరంగుళాల పదకొండు. క్రిమ్‌ది, ఆరంగుళాల ఇరవై. తేడా తొమ్మిది. అదే తొమ్మిది.

ఆమె పీట లాక్కుని కూర్చుంది. క్రిమ్‌ది ఇరవై, పెట్టెలోది పదకొండు, తన చేతిలోది రెండు. అవ్వ, అమ్మ, పిల్ల. క్రిమ్ తెచ్చినదాన్ని ఎవరో ఇసుకలో నొక్కి, పెద్ద కొలబద్ద సంగతి తెలియని కొత్త చేత్తో, పెట్టెలోదాన్ని పోత పోశారు. అద్దం వెనక మెత్తటి గుడ్డ మీద పడుకోబెట్టి, చుట్టూ తాడు కట్టి, బడిపిల్లల్ని తీసుకెళ్లి చూపించే ఆ పిస్తోలు నకలు. దాన్ని కొలబద్దగా పెట్టుకుని ఆమె అసలుదాన్ని కొలిచింది. అసలుది పెద్దగా ఉందని నకిలీ అంది!

ఎవరు పోసి ఉంటారు అని అడగాల్సిన అవసరం కూడా లేకపోయింది. చుట్టుపక్కల ఇత్తడి పోత పోసిన ఇల్లు ఒక్కటే. పెట్టెలో పిస్తోలు కమాను తోక మీద ఆకురాయి గీతలు కుడి నుంచి ఎడమకు వాలి ఉంటాయి. ఏమస్ చెయ్యి కూడా అలాగే వాలేది. "ఆ పిస్తోలు చేసిన పాత పనివాడి గీతలు చూసీ చూసీ నా చెయ్యి అలా తిరిగింది" అని ఆయన కూతురికి చెప్పేవాడు. నలభై నాలుగేళ్ల వయసు వచ్చేదాకా ఆమె ఆ మాట నమ్మింది. తనూ అలాగే గీసింది, గర్వంగా.

కొలిమి ఆర్పి, పని గుడ్డ విప్పకుండానే ట్రక్కు ఎక్కింది.

లోవెల్ క్రిమ్ వరండాలో కూర్చుని చెర్రీ పళ్లకు గింజలు తీస్తున్నాడు. చర్చి వాళ్ల విందుకు పళ్లు కూరి కాల్చే పైలు చేయాలి. చనిపోయిన భార్య పెర్ల్ తలపిన్ను ఒకటి ఉంది, దాంతో గుచ్చి లాగితే గింజ టక్కున వస్తుంది. మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాడు. ట్రక్కు దిగిన మనిషిని చూసి కూడా లేవలేదు.

"ఎవరూ, నిపుణురాలు గారా! రండి రండి. ఈ కుర్చీ మా తాతదని చెప్పుకుంటున్నా ఇన్నాళ్లూ. ఎటూ వచ్చారు, కాస్త కొలిచి చూసి పోదురూ."

"బాబాయ్…"

"ఓహో, ఇవాళ మళ్లీ బాబాయినయ్యానా? పోయిన శనివారం క్రిమ్ గారినేగా? మీ నాన్న నేస్తాన్ని, నీకు పాలపళ్లు ఊడినప్పటి నుంచీ ఎరుగుదును, నీ నోట ఆ 'గారు' వినడం అదే మొదలు. బాగానే ఉంది వినడానికి. నాకు గౌరవం పెరిగిందనుకున్నా."

డెల్ఫియా మెట్ల మీద నిలబడిపోయింది. 

"నీ పిస్తోలు అసలుది" అంది చివరికి.

"ఆ సంగతి నాకు తెలుసు. నీకెప్పుడు తెలిసింది?"

"పొద్దున. ఇత్తడి చెప్పింది."

"ఇత్తడికి నోరుందా? ముప్పైతొమ్మిదేళ్లు నా అటక మీద ఉంది, ఒక్కనాడు కిక్కురుమనలేదే!"

ఆ మాట అన్నాక ముసలాయన తలపిన్ను పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"ముప్పైతొమ్మిదేళ్లా?" అంది డెల్ఫియా. "మొన్ననే దొరికిందన్నావుగా సంఘంలో."

ఆయన ఒక పండు తీసుకున్నాడు, గింజ లాగాడు, గిన్నెలో వేశాడు. ఇంకొకటి తీసుకున్నాడు.

"పెట్టెలో ఉన్నది నాన్న చేసిందేనా?"

"వెళ్లి చేతులు కడుక్కునిరా."

"బాబాయ్, నేనడిగేది…"

"కడుక్కుని రమ్మంటున్నానా? మసి చేతులతో నా చెర్రీలు ముట్టుకుంటే ఊరుకోను. పెర్ల్‌వి ఇంకో పిన్ను ఆ కిటికీలో ఉంది, అది పట్టుకొచ్చి కూర్చో. ఖాళీగా కూర్చుంటే నా మొహంలోకి చూస్తావు. నువ్వు నా మొహంలోకి చూస్తుంటే నేను చెప్పలేను."

ఆమె చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. మొదటి పండు గుచ్చి గింజ లాగింది. తర్వాత ఆయన మొదలుపెట్టాడు.

"1937. నాకు ముప్పైతొమ్మిది, మీ నాన్నకు నా ఈడే. ఆయన అప్పటికి తుపాకులకు చెక్క పిడులు చెక్కేవాడు. ఇత్తడి పోయడం ఇంకా రాదు. సంఘానికి అప్పుడు అధ్యక్షుడు డాక్టర్ ప్రిచర్డ్. ఆయనకు ఒక పెద్దమనిషి వస్తున్నాడని కబురొచ్చింది, దేశ చట్టసభ కాంగ్రెసులో సభ్యుడు. ఆ పెద్దాయనకు ఊరి తరఫున కానుక ఇవ్వాలి. ఏమిద్దాం? ఆ పిస్తోలు ఇచ్చేద్దాం! ఎవర్నీ అడగలేదు. మీ నాన్నను పిలిచి, ఏమస్, దీన్ని అద్దంలా మెరిపించి ఇవ్వు, మొహం కనబడాలి అన్నాడు."

"మెరిపించమన్నాడా?" డెల్ఫియా చేతిలో పండు నలిగిపోయింది. నూట ముప్పై ఏళ్ల నల్లదనాన్ని గీకి పారేయమనడం! ఆకురాయి తగిలితే నంబరూ పోతుంది, కర్మాగారం కొట్టిన డేగ ముద్రా పోతుంది, దాన్ని చేసినవాడి చెయ్యీ పోతుంది.

"అదే. మీ నాన్న మొహం చూడాల్సింది ఆ రోజు. మీ నాన్న ముత్తాత ఆ కర్మాగారంలో పనిచేసినవాడు కదా. దీన్ని ఆయనే గీశాడేమో ఎవరికి తెలుసు లోవెల్, దీన్ని నేను గీకనా అని ఇదే మెట్టు మీద కూర్చుని ఏడ్చినంత పని చేశాడు. ఏమస్ ఏడవడం నువ్వు చూశావా?"

"లేదు."

"నేను చూశాను. చూసి నేనే అన్నాను, ఇంకోటి చేసి మెరిపించి ఇవ్వు, ఆ పెద్దాయనకు తేడా ఏం తెలుస్తుంది అని. ఆ పాడు సలహా నాది. ఆరు వారాలు కూర్చుని చేశాడు. ఇత్తడి మూడుసార్లు పాడైంది, నాలుగోసారి వచ్చింది. అసలుదాన్ని నా దగ్గర దాచమన్నాడు. ఆ పెద్దమనిషి వచ్చి కానుక పట్టుకుపోయాక, అసలుది సంఘానికి తిరిగిచ్చి జరిగింది చెప్పేద్దామని ఆలోచన."

"మరి చెప్పలేదేం?"

"ఆ పెద్దమనిషి రాలేదుగా! కానుక వెనక్కి పెట్టెలోకి పోయింది. మర్నాడే పత్రికలో వేశారు, ఏమస్ మోలర్ అద్భుతమైన పనితనం, పాత పిస్తోలుకు కొత్త ప్రాణం అని. ఆ కాగితం పట్టుకుని జనం వాళ్లంతట వాళ్లే వచ్చారు, మాకూ అలాంటిది ఒకటి చేసిపెట్టు అని. నకళ్ల పని అలా మొదలైంది మీ ఇంట్లో. నువ్వు అప్పటికి ఐదేళ్ల పిల్లవి, బూట్లు లేవు నీకు. ఇవాళ చెబుదాం అనుకున్నాడు, రేపు చెబుదాం అనుకున్నాడు. ప్రతి ఈస్టరుకీ వచ్చి అటక ఎక్కి దానికి నూనె రాసి పోయేవాడు. ఆయన మోకాళ్లు పట్టేసినప్పటి నుంచి నేను రాస్తున్నాను."

డెల్ఫియా తల వంచుకుని గింజలు తీస్తోంది. ఆమెకు తండ్రి మీద కోపం వచ్చింది, పొయ్యి మీద పాలు పొంగినంత వేగంగా. ఇరవై ఏళ్లు పక్కన నిలబెట్టుకుని పని నేర్పాడు. చేసిన ప్రతి నకలుకీ గొట్టం అడుగున, చెక్క కప్పేసే చోట, మన పేరు చెక్కాలి డెల్ఫీ, ఎప్పుడో ఒకడు దాన్ని అసలుదని అమ్మబోతే ఆ పేరు అడ్డుపడాలి అని చెప్పి చెప్పి చెవులు దిమ్మెక్కించాడు. ఆ మనిషి చేసిన మొట్టమొదటి నకలుకి ఆ పేరు ఉందో లేదో! ఉండి ఉండదు. అది లేకపోబట్టే, తర్వాత వాటన్నిటికీ అంత గట్టిగా పట్టుబట్టాడేమో. కోపం అక్కడికి వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చిందానికి ఆమె పేరు పెట్టలేకపోయింది. కళ్లు మాత్రం తడిశాయి.

"ఇప్పుడెందుకు బయటికి తీశావు?" అంది.

"నాకు డెబ్బై ఎనిమిది. నేను పోతే నా కూతుళ్లిద్దరూ వారం తిరక్కుండా సామాను వేలం వేస్తారు. మంచి పిల్లలే, కానీ వాళ్లకు ఇది ఇనప ముక్క. ఎవడో పట్టుకుపోతాడు. అది ఇంటికి చేరాలి. ఏమస్ పేరు బయటికి రాకుండా చేరాలి. జోడు దొరికిందంటే సరిపోతుందనుకున్నా. ఒకే నంబరుగా రెండిటికీ! పక్కపక్కనే పెడతారు, ఎవరికీ నష్టం లేదు." ముసలాయన నవ్వాడు. "అంతా బాగా ఆలోచించాను. ఏమస్ కూతురు కాలిపర్ పట్టుకొస్తుందని ఒక్కటే ఆలోచించలేదు."

"నేను నిన్ను అందరి ముందూ…"

"ఆఁ, ఆఁ, చాల్లే. దాణా కొట్టు వాడు మొన్న, క్రిమ్, నీ కోడిపెట్టలు అసలువేనా అని అడిగాడు. గుడ్లు పెట్టినంతకాలం అసలువేరా అన్నాను. ఆ మాత్రానికి నేను చచ్చిపోను."

"నేనివాళ నాలుగింటికి అంతా చెప్పేస్తాను."

"వద్దు."

"నిన్ను మోసగాడు అనుకుంటోంది ఊరంతా!"

"అనుకోనీ. నా పరువు నాది, డెల్ఫీ. బాగున్నన్నాళ్లూ వాడుకున్నాను, ఇప్పుడు పాడుచేసుకుంటున్నాను. నీకేం? నువ్వు చెప్పిందే కాగితం మీద రాసి సంతకం పెట్టు. ముసలాడు మోసపోయి నకిలీ తెచ్చాడని రాయి. నకిలీ అన్నదాన్ని పెట్టెలో పెట్టరు, ఏ అలమారలోనో పడేస్తారు. పడేసినా సంఘం ఇంట్లోనేగా ఉంటుంది? నాకది చాలు."

"నాకు చాలదు. నాన్న పేరు పోతే పోనీ. నా కొలిమి మూతపడితే పడనీ. ఏ తప్పూ చేయనివాడు తల దించుకుని తిరుగుతుంటే నేను నకళ్ల కింద పేరు చెక్కుకుంటూ ఎలా కూర్చోను?"

క్రిమ్ ఆమెను చాలాసేపు చూశాడు. ఏదో చెప్పబోయాడు, పెదవులు కదిలాయి కూడా. మళ్లీ గిన్నెలోకి చూశాడు.

"నిజం చెబితే పోయేది అంతేననుకుంటున్నావా?" అన్నాడు.

"ఇంకేముంది?"

"ఏం లేదులే. నీ మొండితనం అచ్చు మీ నాన్నదే. ఒక్కటి అడుగుతాను. నాకోసమైతే చెప్పకు. ఇది నేను బతిమాలి అడుగుతున్నాను, వినబడుతోందా?"

ఆ మాటలో ఉన్నదంతా స్నేహితుడి మీద ప్రేమే అనుకుంది డెల్ఫియా. అంత ప్రేమ చూశాక అసలే ఆగలేననుకుంది. లేచి, ఆయన ఎర్రటి చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి, మెట్లు దిగింది.

నాలుగింటికి సంఘం హాల్లో ఆరుగురున్నారు. అధ్యక్షురాలు యూనిస్ హైట్ బల్ల చివర కూర్చుంది. నలభై ఏళ్లు నాలుగో తరగతికి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఊళ్లో సగంమంది ఆవిడ ముందు ఇప్పటికీ చేతులు కట్టుకునే నిలబడతారు. పక్కన సంఘం వకీలు రస్ టాబ్, జరిగినది జరిగినట్టు పుస్తకంలో రాసే పని ఆయనది. మిగతా ముగ్గురూ సభ్యులు. ఆరో మనిషి డెల్ఫియా. బల్ల మీద కాగితం, కలం సిద్ధంగా పెట్టి ఉన్నాయి.

"సంతకం పెట్టేస్తే టీ తాగుదాం, డెల్ఫియా" అంది యూనిస్. "అల్లం బిస్కట్లు చేసుకొచ్చాను."

"ముందు పెట్టె తెరవండి, టీచర్ గారూ. రెండూ బల్ల మీద పెట్టండి."

పెట్టారు. ఆమె జేబులోంచి ఆ చిన్న కమాను తీసి మూడోదిగా పక్కన పెట్టింది. ఒక్కొక్కటీ కొలిచి, ఆ కొలత రస్ చేత పైకి చదివించింది. ఇరవై, పదకొండు, రెండు. పొద్దున తను చేసిన తొందరపని చెప్పింది, ఇత్తడి చల్లారితే ఏమవుతుందో చెప్పింది. "మీకింకా నమ్మకం లేకపోతే" అని పెట్టెలోదాని మరమేకులు విప్పి గొట్టాన్ని చెక్క మీంచి లేపింది. వేలసార్లు చేసిన పని అది. గొట్టం అడుగున పేరు లేదు. చెక్క లోపల, ఉలి పడ్డ గాడిలో, పెన్సిలుతో సన్నగా ఒక తేదీ ఉంది. 1937, అక్టోబరు. దాని పక్కన రెండక్షరాలు. ఏ. మో.

చెప్పేశాడు నాన్న, అనుకుంది. ఎవరూ చూడని చోట చెప్పుకున్నాడు.

ఆమె నిలబడి మిగతాది కూడా చెప్పింది. డాక్టర్ ప్రిచర్డ్, కానుక, మెరిపించమన్న మాట, ఆరు వారాలు. క్రిమ్ అటక మీద నూనె గుడ్డలో ముప్పైతొమ్మిదేళ్లు. తండ్రి చేసినదేదీ దాచలేదు. చెబుతూ ఉంటే గుండె తేలికపడింది. "నకలు మా నాన్న చేసింది. తప్పు చెప్పింది నేను. పోయిన వారం లోవెల్ క్రిమ్‌ని నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, అలాగే రాయండి" అంది.

 యూనిస్ అద్దాలు తీసి తుడుచుకుంది.

"ఎన్ని వందల మంది పిల్లల్ని తీసుకొచ్చి చూపించానో" అంది. "ముట్టుకోకండర్రా, ఇది మీ ముత్తాతల చెయ్యి అని చెప్పేదాన్ని. ఏమస్ చెయ్యన్నమాట." మళ్లీ అద్దాలు పెట్టుకుంది. "పెట్టెలో ఆ నకలు చోట లోవెల్ తెచ్చింది పెట్టండి. లోవెల్‌కి సంఘం క్షమాపణ చెప్పాలి. నేనే వెళ్లి చెబుతాను. రస్, రాసుకో."

డెల్ఫియా కూర్చుంది. ఇంత సులువుగా అయిపోతుందని అనుకోలేదు. తండ్రి పరువు పోయిందే, ఊరు ఊరంతా రేపటి నుంచి చెప్పుకుంటుందే అన్న బాధ ఉంది. కానీ బాబాయికి ఆయన పేరు ఆయనకు వచ్చేసింది. బిస్కటు ఒకటి తీసుకుంది.

రస్ టాబ్ రాస్తున్నాడు. రాస్తూ రాస్తూ ఆగాడు. వెనక్కి రెండు పేజీలు తిప్పి చూసుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాడు, క్రిమ్ తోటలో చిన్నప్పుడు యాపిళ్లు కోసిన మనిషే. అందుకే కాబోలు గొంతు అంత మెల్లగా వచ్చింది.

"డెల్ఫియా, ఒక్క నిమిషం. ఇది లోవెల్ ఇంట్లో దొరికిన జోడు కాదంటున్నావు. ఈ సంఘం పెట్టెలోంచి పోయిన వస్తువే అంటున్నావు, అవునా?"

"అవును."

"అంటే సంఘం సొత్తు. ముప్పైతొమ్మిదేళ్లు ఆయన అటక మీద ఉంది."

యూనిస్ చెయ్యి టీ కెటిల్ మీదే ఆగిపోయింది. "రస్, ఇప్పుడు అదంతా ఎందుకు…"

"నేను రాయకుండా ఉండలేను, టీచర్ గారూ. ఇప్పుడే అందరి ముందూ చెప్పింది. ఇది ప్రభుత్వం రిజిస్టరు చేసిన సంఘం. ఈ పుస్తకం నకలు సోమవారం కేసులు పెట్టే జిల్లా ప్రాసిక్యూటరు బల్ల మీద ఉంటుంది, అది రూలు. ఏమస్ పోయాడు, ఆయన్ని ఎవరూ ఏమీ చేయలేరు. బతికున్నది లోవెల్ ఒక్కడే."

అప్పుడు అర్థమైంది డెల్ఫియాకి. వరండాలో ఆయన పెదవుల దాకా వచ్చి ఆగిపోయిన మాట ఏమిటో, నాకోసమైతే చెప్పకని ఎందుకు బతిమాలాడో. మోసపోయిన ముసలాడిగా ఉంటే ఊరు నవ్వి ఊరుకునేది. కేసు పెడతారేమోనన్న భయం ఆయన నోటితో అనలేదు, ఆమెకు తట్టలేదు. పేరుకంటిన మచ్చ కడగబోయి ఆమె ఆయన్ని దొంగసొత్తు దాచినవాణ్ణి చేసి కూర్చోబెట్టింది. కొరికిన బిస్కటును బల్ల మీద పెట్టేసింది.

"ఒక్కటే ప్రశ్న" అన్నాడు రస్. పుస్తకం మీంచి తలెత్తలేదు. "దానిమీదే ఉంది అంతా. ఏమస్ ఆయనకు ఏం చెప్పి ఇచ్చాడో మనకు తెలియదు. పాత సామానేదో, ఉంచమని ఇచ్చి ఉండొచ్చు. అలాగైతే ఏ గొడవా లేదు, ఇక్కడితో మూసేస్తాను. పొద్దున నువ్వు ఆయనతో మాట్లాడానన్నావు. అది సంఘం వస్తువని తెలిసే దాచాడా, తెలియక దాచాడా?"

అందరూ ఆమె వైపే చూస్తున్నారు. యూనిస్ హైట్, అబద్ధం చెప్పిన పిల్లల్ని నలభై ఏళ్లు మూల నిలబెట్టిన మనిషి, ఆమె వైపు చూస్తూ తల అడ్డంగా, అతి మెల్లగా ఊపుతోంది. తెలియదని చెప్పమంటోంది.

బల్ల మీద రెండు పిస్తోళ్లూ పడున్నాయి. డెల్ఫియా చెయ్యి చాచి అసలుదాన్ని దగ్గరికి లాక్కుంది. పోయిన వారం ఇదే కుర్చీలో కూర్చుని ఒక మాట ఎంత ధీమాగా అందో గుర్తొచ్చింది.

"రాసుకో, రస్. తెలియక దాచాడు" అంది, అంతే ధీమాగా.